పాలక పునీతులు: వారికా పాలన మెట్లు వచ్చెను?

పరీక్షలు సమీపించు దినములలో మా పాఠశాల గుడిలో క్రొవ్వొత్తుల వెలుగు హెచ్చును. సంవత్సర మంతయు ఆ వైపు తొంగిచూడని బాలురుగూడ మాఘ ఫాల్గుణములు వచ్చుసరికి మోకాళ్లూని కనబడుదురు. గడచిన సంవత్సరము అట్టి యొక సాయంకాలమున తొమ్మిదవ తరగతి విద్యార్థు లిద్దరు మాయొద్దకు వచ్చి, “అయ్యవారూ, లెక్కలకు ఏ పునీతుని ప్రార్థింపవలెను?” అని యడిగిరి. మేము నవ్వి, “ముందు లెక్కల పుస్తకము తెరువుడు” అని చెప్పి పంపివేసితిమి.

ఆ వారముననే ధర్మవరమునుండి యొక నేతపనివాడు, వసతిగృహమందున్న తన కుమారుని చూచుటకు రైలెక్కి హిందూపురము వచ్చెను. మా వసారా గోడకు వరుసగా పునీతుల పటములు తగిలించియున్నవి. ఆయన చెప్పులు విడిచి, ఒక్కొక్క పటమునెదుట నిలిచి చూచి, మావైపు తిరిగి, “అయ్యవారూ, ఈ పటాల్లో ఉండేవాళ్లంతా మీ దేవుండ్లేనా? ఒక్కొక్క పనికి ఒక్కొక్కరు ఉంటారంట గదా. మా మగ్గానికి ఎవరుండారు సామీ?” అని యడిగెను. మేము వెంటనే, “మాకు దేవు డొక్కడే. వీరు దేవుళ్లు కారు” అంటిమి. “అట్లనా” అని ఆయన నమస్కరించి వెడలిపోయెను.

స్తంభముచాటున నిలిచియున్న ఆయన కుమారుడు తల వంచుకొనెను. కారణము మాకు తరువాత తెలిసినది. తన తండ్రికి పట్టుచీరల యంగడి గలదని ఆ బాలుడు తోడివారితో చెప్పియుండెను. మగ్గమను మాట వారందరి యెదుట తండ్రి నోటనే వచ్చినది.

మేము చెప్పిన దానిలో అసత్యము లేదు. ఐనను అది ఆయన యడిగిన ప్రశ్నకు ఉత్తరము కాదు. తన పనిని గౌరవించు స్థలము మీ గోడమీద గలదా యని ఆయన యడిగెను. మేము దేవుళ్లను లెక్కపెట్టి పంపితిమి. ఆ దినమున ఇయ్యని యుత్తరమును ఈ వార్షిక సంచికలో, ఆయనకును, లెక్కల పుస్తకముతో పంపివేసిన ఆ యిద్దరు బాలురకును, తక్కిన విద్యార్థులకును ఇయ్యదలచితిమి.

1. మాటల యర్థము

పునీతు డనగా పరిశుద్ధ జీవితము గడపి పరలోకము చేరెనని శ్రీసభ నిశ్చయించి ప్రకటించిన వ్యక్తి. ఆరాధన దేవుని కొక్కనికే చెల్లును. పునీతులకు చెల్లునది గౌరవము. తండ్రితో మనవి చేయదలచిన పిల్లవాడు అన్నగారిని, “నీవు గూడ ఒక మాట చెప్పు” అని యడిగిన ట్లుండును కతోలికులు పునీతుల నడుగు సహాయము. అన్న తండ్రి కాడు, ఇచ్చువాడు తండ్రియే. ఈ విధముగా పునీతుల వేడుకోలు కోరుట క్రైస్తవ సమాజము లన్నిటిలోను లేదు. ప్రొటెస్టంటు సంఘములవారు సాధారణముగా నేరుగా దేవునినే ప్రార్థింతురు. మా యుపాధ్యాయులలో ఇరుతెగల వారును గలరు. పునీతుల జీవితములనుండి నేర్చుకొనదగిన దున్నదనుటలో మాకు భేదము లేదు.

పాలక పునీతు డనగా ఒక యూరికిగాని, దేశమునకుగాని, వృత్తికిగాని, కష్టమునకుగాని తోడుగా భావింపబడిన పునీతుడు. తొలి శతాబ్దములలో వేదసాక్షుల సమాధులయొద్ద విశ్వాసులు కూడి వారి మరణదినమును స్మరించుచుండిరి. ఆ సమాధులపై గుడులు లేచినవి. గుడికి వారి పేరు, ఊరికి వారి తోడు వచ్చినవి. పోపుగారు శాసనపూర్వకముగా ఒకరిని పునీతునిగా ప్రకటించుట మనకు తెలిసినంతలో 993లో మొదలైనది. అప్పుడు ప్రకటింపబడినవాడు జర్మనీ దేశపు ఆగ్స్‌బర్గు పీఠాధిపతి యుల్రిక్కు. పాలకత్వము విషయమునను తరచుగా ప్రజల వాడుకయే ముందు, శాసనము వెనుక.

ఇట్టి వాడుక యూరక పుట్టదు. పునీతుల జీవితములను పరిశీలించినచో పాలకత్వమునకు ముఖ్యముగా మూడు మూలములు కనబడును: వారు చేసిన పని, వారు పడిన బాధ, వారికి తటస్థించిన సంఘటన. ఒక్కొక్కటిగా చూతము.

2. చేసిన పనినిబట్టి

పనివారి పాలకులలో మొదట చెప్పదగినవారు జోజప్పగారు. ఆయన నజరేతను చిన్న యూరి వడ్రంగి. సువార్తలలో ఆయన పలికిన మాట యొక్కటియు లేదు. చేసిన పనులు మాత్రమే గలవు. అట్టి మౌనియైన వడ్రంగిని 1870 డిసెంబరు 8న తొమ్మిదవ పయస్ పోపుగారు సమస్త శ్రీసభకు పాలకునిగా ప్రకటించిరి. 1955లో పన్నెండవ పయస్ పోపుగారు మే 1వ తేదీని శ్రామికుడైన జోజప్పగారి పండుగగా నేర్పరచిరి. లోకమంతట కార్మికదినముగా జరుపుకొను దినమే యది. యేసును మరియమ్మయు ప్రక్కనుండగా ఆయన కన్నుమూసెనని పరంపరగా వచ్చిన నమ్మిక; అందుచే మంచి మరణమునకును ఆయననే పాలకునిగా తలంతురు.

రైతుల పాలకుడు ఇసిదోరుగారు. పండ్రెండవ శతాబ్దమున స్పెయిను దేశపు మద్రీదు నగర ప్రాంతమున జీవించినవాడు. ఆయనకు సొంత భూమి లేదు. ఒక భూస్వామియొద్ద పాలేరుగా నుండి యితరుల పొలములు దున్నెను. ప్రతి యుదయము దివ్యపూజకు పోయి పనికి ఆలస్యముగా వచ్చుచున్నాడని తోడి కూలీలు యజమానితో చాడి చెప్పిరనియు, యజమాని చాటుగా వచ్చి చూడగా ఇసిదోరుగారి నాగలిప్రక్కన దేవదూతలు దున్నుచుండిరనియు కథ గలదు. దేవదూతల మాట కథ యైనను, ఈ క్రింది మాట చరిత్ర. 1622 మార్చి 12న రోమునగరమున పదునైదవ గ్రెగోరీ పోపుగారు ఒక్కదినమున అయిదుగురిని పునీతులుగా ప్రకటించిరి. అందు ఇన్నాసివారు యేసుసభను స్థాపించినవారు. ఫ్రాన్సిస్ శౌరివారు తూర్పు దేశములకు వేదబోధకులు. ఆవిలాపుర తెరేసమ్మగారు గొప్ప గ్రంథకర్త్రి. ఫిలిప్ నేరిగారు రోమునగరమందు పేరెన్నికగన్న గురువు. అయిదవవాడు ఈ పాలేరు. మహాపండితుల వరుసలో కూలి మనిషిని కూర్చుండబెట్టిరి.

మన సీమలో రైతుబిడ్డ లీ మాటను జ్ఞాపకముంచుకొనవలెను. అనంతపురపు సీమలో సంవత్సరమునకు పడు సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. వేరుసెనగ విత్తి మింటివైపు చూచు తండ్రుల బిడ్డలు మా తరగతులలో అనేకులు. మేఘము నాజ్ఞాపించు శక్తి ఇసిదోరుగారికి గలదని శ్రీసభ బోధింపలేదు. వాన వచ్చినను రాకున్నను పొలము దున్నువాని శ్రమ దేవుని యెదుట గొప్పదని మాత్రము ఆ 1622వ సంవత్సరపు ప్రకటన చెప్పుచున్నది.

ఇక మగ్గము మాట. నేతపనివారికి పాలకుడు గలడు. ఆయన పేరు సెవేరుసు, ఇటలీ దేశపు రవెన్నా నగరవాసి, నాలుగవ శతాబ్దమువాడు. ఉన్ని నేయుట ఆయన వృత్తి యనియు, భార్య విన్సెంతియ, కుమార్తె యిన్నోసెంతియ ఆయనకు పనిలో తోడనియు చెప్పుదురు. నగరమునకు క్రొత్త పీఠాధిపతి నెన్నుకొను దినమున సెవేరుసు మగ్గమువద్దనుండి లేచి, “నేనును పోయి చూచి వత్తును” అనెనట. భార్య నవ్వి, “నీవు పోయినను పోకున్నను ఒకటే, కూర్చుండి నేయుము” అని పరిహసించెనట. ఆయన పనిబట్టలతోనే పోయి వెనుక నిలువబడగా ఒక తెల్లని పావురము వచ్చి ఆయన తలపై వ్రాలెనట. జనులు ఆయననే యెన్నుకొనిరి. ఈ పావురము కథయే. కాని 343లో సార్దికా నగరమున, అనగా నేటి బల్గేరియా రాజధాని సోఫియాలో, కూడిన పీఠాధిపతుల మహాసభయందు రవెన్నా సెవేరు సుండుట చరిత్ర. ఆయన యస్థికలు పిదప జర్మనీ దేశమునకు చేరినవి. ఎర్ఫుర్టు నగరమున ఆయన పేరిట గొప్ప దేవాలయము నేటికిని గలదు.

సెవేరుసుగారికి ముందే మరియొకరు గలరు. అపొస్తలుడైన పౌలుగారు గుడారములు కుట్టి జీవించిరి. కొరింతు నగరమున అకుల ప్రిస్కిల్ల యను దంపతుల యింట, వృత్తి యొక్కటే గనుక, వారితో కలిసి పని చేసిరని అపొస్తలుల కార్యముల పదునెనిమిదవ యధ్యాయము చెప్పుచున్నది. మన నూతన నిబంధనలోని లేఖలలో ననేకములు సూదిపట్టి కాయలుగాచిన చేతులవాని మాటలే.

3. పడిన బాధనుబట్టి

రెండవ మూలము బాధ. 249వ సంవత్సర ప్రాంతమున అలెగ్జాండ్రియా నగరమున అపొలోనియ యను వృద్ధకన్యను అల్లరిమూకలు పట్టి, దవడలపై కొట్టి పండ్లూడగొట్టిరి. విశ్వాసమును విడువక ఆమె ప్రాణము విడిచెను. అందుచే పంటినొప్పి గలవారు ఆమెను తలంతురు. ఇది విని బాలురు నవ్వుదురు. కొంచెము నిదానించినచో నవ్వు రాదు. బాధపడినవారికే బాధపడువారి సంగతి తెలియునని ప్రజల యనుభవము. ఆ యనుభవమునుండియే యీ పాలకత్వము పుట్టినది.

రోగుల పాలకుడైన కమిల్లుసుగారి చరిత్ర మరింత బోధకరము. ఆయన 1550లో ఇటలీయందు జన్మించెను. యౌవనమున సైనికుడు, జూదరి. జూదమున సర్వమును పోగొట్టుకొని బిచ్చమెత్తెను. కాలిపై మానని పుండొకటి బయలుదేరగా రోమునగరపు ఆసుపత్రిలో చేరెను. అచ్చట రోగులయెడ సేవకులు చూపు నిర్దయను మంచముపైనుండి కన్నులార చూచెను. మనస్సు మారిన పిదప ఆ యాసుపత్రికే వచ్చి సేవకుడై, 1584లో గురువై, రోగుల సేవకొరకు ఒక సభను స్థాపించెను. ఆ సభవారు నల్లని యంగీపై ఎఱ్ఱని సిలువను ధరింతురు. కాలి పుండు మాత్రము ఆయనను జీవితాంతము విడువలేదు. 1614లో మరణించెను. 1886లో దేవుని యోహానుగారితో పాటు ఆయనను రోగులకు పాలకునిగా ప్రకటించిరి. నర్సు ఉద్యోగమును కోరు మా బాలిక లీయన పటమును చూచి, పాలకత్వము వెనుక ముప్పదియేండ్ల సేవ గలదని గ్రహింతురు గాక.

4. విద్యార్థుల పాలకులు

ఇక పరీక్షల మాటకు వత్తము. పరీక్ష వ్రాయువారు తలచు పునీతుడు కుపెర్తీనో జోజపుగారు. 1603లో జన్మించి 1663లో మరణించెను. చదువు ఆయనకు మిక్కిలి కష్టముగా నుండెను. గురుపట్టమునకు ముందు జరిగిన పరీక్షలో, తాను బాగుగా నెరిగిన యొక్క సువార్త వాక్యమే ప్రశ్నగా వచ్చెననియు, మరియొక పరీక్షలో ముందు పిలువబడినవారు మిక్కిలి బాగుగా జవాబిచ్చుటచే తక్కినవారి నడుగకయే పీఠాధిపతిగారు ఉత్తీర్ణులను చేసిరనియు చెప్పుదురు. ఇదియే మూడవ మూలము: సంఘటన. ఈ కథను విన్న బాలురు “మాకును అట్టి పీఠాధిపతి దొరకిన బాగుండును” అందురు. వారు మరచునది యేమనగా, ఆ యొక్క వాక్యమును ఆయన సంపూర్ణముగా నేర్చియుండెను. కష్టముతో నేర్చిన దొక్కటియైనను పూర్తిగా నేర్చినవానికే ఆ ప్రశ్న యక్కరకు వచ్చినది.

కతోలిక విద్యాలయములకు పాలకుడు తోమాసు అక్వినాసుగారు; 1880లో పదమూడవ లియో పోపుగారు ప్రకటించిరి. తరగతిలో మాటలాడక భారీ శరీరముతో కూర్చుండు ఆయనను తోడి విద్యార్థులు మూగయెద్దని యెగతాళి చేసిరి. గురువైన ఆల్బర్టుగారు ఆ మౌనములోని మేధను కనుగొని, ఈ యెద్దు ఱంకె లోకమంతయు వినబడునని చెప్పిరట. ఉపాధ్యాయులమగు మాకీ కథ యొక హెచ్చరిక. వెనుక బల్లపై మూగగా కూర్చున్న బాలు డెవడో మేము తెలిసికొంటిమా?

యౌవనస్థుల పాలకుడు అలోషియసు గొంజాగాగారు. 1568లో ప్రభువంశమున జ్యేష్ఠపుత్రుడై పుట్టి, సంస్థానపు హక్కును తమ్మునికి విడిచి, 1585లో యేసుసభలో చేరెను. 1591లో రోమునగరమున మహమ్మారి ప్రబలగా రోగులను మోసికొని వచ్చి సేవచేయుచు, ఆ సంవత్సరము జూను 21న ఇరువదిమూడవ యేట మరణించెను. 1729లో ఆయనను విద్యార్థియువకులకు పాలకునిగా ప్రకటించిరి. ఆయన పరీక్షలలో గెలిపించినట్లు కథ యేదియు లేదు. ఇతరులకొరకు ప్రాణమిచ్చిన కథ మాత్రమే గలదు.

ఉపాధ్యాయులకును పాలకుడు గలడు. ఫ్రాన్సు దేశపు రెయిమ్సు నగరమున 1651లో ధనికుల యింట పుట్టిన యోహాను బప్తిస్తు ద లాసాల్‌గారు, బీదపిల్లలకు చదువు చెప్పు ఉపాధ్యాయుల దైన్యమును చూచి, వారిని తన యింటికే తెచ్చి భోజనము పెట్టి బోధనావిధానమును నేర్పిరి. క్షామకాలమున తన యాస్తిని బీదలకు పంచిరి. లాటినుతో గాక మాతృభాషతో చదువుట నేర్పిరి. 1685లో రెయిమ్సునందు ఉపాధ్యాయులకు శిక్షణాలయమును స్థాపించిరి. 1950 మే 15న పన్నెండవ పయస్ పోపుగారు ఆయనను ఉపాధ్యాయు లందరికి పాలకునిగా ప్రకటించిరి. శిక్షణ కళాశాలనుండి వెలువడిన మావంటివారు ఆ ఋణమును మరువరాదు.

5. మన పేర్లలోని పునీతులు

పదునెనిమిదవ శతాబ్దపు తొలి దశాబ్దములలో ఫ్రెంచి యేసుసభ గురువులు పుదుచ్చేరినుండి బయలుదేరి కర్ణాటక మిషనను పేరిట తెలుగుసీమలో ప్రవేశించిరి. 1715 ప్రాంతమున అనంతపురము సమీపమందలి ఆలమూరు రెడ్ల కుటుంబములు కొన్ని జ్ఞానస్నానము పొందెను. అట్టి కుటుంబములు పిదప ఉత్తరమునకు వలసపోయి, గుంటూరు సీమలోని ఫిరంగిపురము మొదలగు చోట్ల స్థిరపడినవి. ఆంధ్రదేశపు కతోలిక చరిత్రలో మన కరవుసీమకు ఇట్టి తొలిపుట గలదు.

ఆ గురువులు అరవసీమ మీదుగా వచ్చిరి గనుక పునీతుల పేర్లును అట్లే వచ్చినవి. పేతురను మాటకు గ్రీకుభాషలో రాయి యని యర్థము. అందుచే ఆయన రాయప్ప. పౌలను మాటకు లాటినులో చిన్న యని యర్థము; అందుచే ఆయన చిన్నప్ప. యోసేపు జోజప్ప, ఇగ్నేషియసు ఇన్నాసి, శవియేరు శౌరి యైరి. శవియేరనునది స్పెయిను దేశమున ఫ్రాన్సిసుగారు పుట్టిన కోట పేరు. బాస్కు భాషలో క్రొత్తయిల్లని దాని యర్థము. శౌరి యనునది మన నిఘంటువులలో విష్ణునామము గూడను. రెండు దూరదేశముల మాట లొక్క తెలుగుపేరులో కలిసినవి. శౌరయ్య, శౌరమ్మ, రాయప్ప, చిన్నప్ప యను పేరు గల విద్యార్థులు హాజరుపట్టీ పిలుచునపుడు సిగ్గుపడ నక్కరలేదు. ఆ పేరు వెనుక మూడువందల యేండ్ల తెలుగు చరిత్ర గలదు.

శౌరివారు 1542 మే 6న గోవాలో దిగిరి. వీథులలో చేతిగంట మ్రోయించి పిల్లలను పోగుచేసి పాఠము చెప్పిరి. దక్షిణతీరమున ముత్తెముల నేరు పల్లెవారికొరకు ప్రార్థనలను అరవమున కంఠస్థము చేసిరి. మలక్కా, మొలుక్కా దీవులు, జపాను తిరిగి, 1552 డిసెంబరు 3న చైనా తీరమందలి చిన్న దీవిలో మరణించిరి. 1927లో పదునొకండవ పయస్ పోపుగారు వేదవ్యాపకమునకు ఇద్దరు పాలకులను ప్రకటించిరి. ఒకరు ఇన్ని సముద్రములు దాటిన శౌరివారు. రెండవవారు లిస్యూ తెరేసమ్మగారు. ఆమె పదునైదవ యేట మఠము ప్రవేశించి, ఇరువదినాలుగవ యేట, 1897లో, క్షయవ్యాధిచే ఆ మఠముననే మరణించినది. మఠము చేరిన పిదప దూరదేశము లేవియు చూడలేదు. ఇద్దరు వేదబోధకులకు ఉత్తరములు వ్రాసి, వారికొరకు ప్రార్థించి, తన రోగమును ఓర్చుకొన్నది. పయనమైపోవు వారి పనియు, ఇంటనుండి భరించు వారి పనియు ఒక్కటేయని ఈ జంటప్రకటన యర్థము.

మన దేశమువారును ఈ వరుసలో గలరు. కేరళదేశపు అల్ఫోన్సమ్మగారు 2008లో పునీతురాలైరి. కలకత్తాలో ఉపాధ్యాయినిగా పనిచేసి, పిదప వీథులలోని మరణాసన్నులను చేరదీసిన మదర్ తెరేసాగారు 2016లో పునీతురాలై, 2017లో శౌరివారితో పాటు కలకత్తా అగ్రపీఠమునకు పాలకురాలైరి. తిరువాన్కూరు సీమకు చెందిన గృహస్థుడు, 1752లో ప్రాణమర్పించిన దేవసహాయము పిళ్లగారు 2022 మే 15న పునీతులై, 2025లో భారతదేశపు గృహస్థ విశ్వాసులకు పాలకులుగా నంగీకరింపబడిరి. 2025 సెప్టెంబరు 7న పునీతుడైన కార్లో అకూటిసు పదునైదేండ్ల విద్యార్థి, 2006లో మరణించెను. తన కంప్యూటరు విద్యను భక్తికార్యమునకు వినియోగించెను గనుక ఆ విద్య నేర్చు యువకు లాయనను తోడుగా తలచుచున్నారు. వాడుక ముందు పుట్టునని మేము చెప్పినమాట కిది మన కన్నులయెదుటి దృష్టాంతము.

6. జ్ఞాపకముంచుకొనదగిన పండుగలు

జనవరి 28: తోమాసు అక్వినాసు, విద్యాలయములు.
ఫిబ్రవరి 1: సెవేరుసు, నేతపనివారు.
ఫిబ్రవరి 9: అపొలోనియ, పంటినొప్పి గలవారు.
మార్చి 19, మే 1: జోజప్ప, శ్రీసభ, పనివారు, మంచి మరణము.
మే 15: ఇసిదోరు, రైతులు.
జూను 21: అలోషియసు, యౌవనస్థులు.
జూలై 14: కమిల్లుసు, రోగులు, నర్సులు.
సెప్టెంబరు 18: కుపెర్తీనో జోజపు, పరీక్షార్థులు.
అక్టోబరు 1: లిస్యూ తెరేసమ్మ, వేదవ్యాపకము.
డిసెంబరు 3: ఫ్రాన్సిస్ శౌరి, వేదవ్యాపకము.

7. ముగింపు

ఇన్ని జీవితములు చూచిన పిదప తేలు నియమ మొక్కటి. పునీతు డెందులో పనిచేసెనో, ఎందులో నలిగెనో, అందులోనే ఆయనను తోడుగా తలచిరి. పని లేక పాలకత్వము లేదు. కావున క్రొవ్వొత్తి వెలిగించు విద్యార్థి, “ఈయన నాకేమి యిచ్చును?” అని యడుగుటకు ముందు, “ఈయన యేమి చేసెను?” అని యడుగవలెను.

పెనుకొండలో బాబయ్య దర్గాకు హిందువులు, ముసల్మానులు కలిసి పోవుట మన మెరుగుదుము. మంచివాని జ్ఞాపకమునొద్దకు ఓదార్పు కోరి పోవుట మనుష్యస్వభావము. ఆ నేతపనివాడును అట్టి మనస్సుతోనే మా పటముల యెదుట నిలిచెను. దానిని మేము వాదముగా భావించితిమి.

జూనులో బడి తెరచిన పిమ్మట ఆయన మరల కుమారుని దిగబెట్టుటకు వచ్చెను. ఈ పర్యాయము మేము ఆయనను వసారాలో కూర్చుండబెట్టి సెవేరుసుగారి సంగతి చెప్పితిమి. భార్య పరిహసించిన ఘట్టమునొద్ద ఆయన బిగ్గరగా నవ్వి, “మా ఇంట్లో గూడా ఇదే మాట సామీ” అనెను. మరల ఒక నిమిషమూరకుండి, “మగ్గం మీంచి లేసిపోయినాయన అంత పెద్దాయన అయినాడా” అని, చేతులవైపు చూచుకొనెను. కుమారుడు ప్రక్కనే యుండెను. ఈసారి స్తంభముచాటునకు పోలేదు.

మరునాడు తరగతిలో అదే కథ చెప్పి, “నేతపని యెట్లు జరుగునో యెవరైన చెప్పగలరా?” అని యడిగితిమి. కొంతసేపు ఎవరును మాటలాడలేదు. పిదప ఆ బాలుడు లేచెను. పట్టునూలు ఆసు పోయుట, తల్లి కండెలు చుట్టుట, పడుగు సాగదీసి అచ్చుకెక్కించుట, నాడె పోవుచు వచ్చుచు పేకను పరచుట, జరీయంచు తప్పినచో తండ్రి దానిని మరల విప్పుట, మరమగ్గములు వచ్చినపిమ్మట కూలి చాలని దినములు, అన్నియు చెప్పెను. “మా నాయన నేస్తాడు” అని ముగించెను. గంట మ్రోగువరకు తరగతి కదలలేదు.

లెక్కల పునీతు నడిగిన యిద్దరును ఆ తరగతిలోనే యుండిరి. వారికి మా యుత్తర మిది: ఒక్క లెక్కనైనను కుపెర్తీనో జోజపుగారు తన వాక్యమును నేర్చినంత పూర్తిగా నేర్చి, అప్పుడు గుడికి పొండు. క్రొవ్వొత్తి మేమే యిత్తుము.